తంగేడు పొద దగ్గర శృతిదండం: వృక్షోద్యానంలో హైస్కూలు పిల్లలకు వృక్షశాస్త్రం, ఒక కేస్ స్టడీ

హైదరాబాద్ పశ్చిమాన, కొత్తగూడ రిజర్వు ఫారెస్టులో సుమారు 274 ఎకరాల్లో విస్తరించిన కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్‌లో, ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు చెందిన ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో ఒక విద్యా సంవత్సరం పాటు నడిపిన వృక్షశాస్త్ర ప్రయోగ తరగతుల వివరాలను ఇక్కడ నమోదు చేస్తున్నాను. కళాశాలలో వృక్షశాస్త్రం బోధించిన అనుభవంతో ఈ పని చేపట్టాను. బడిలోని జీవశాస్త్రం ఉపాధ్యాయురాలు, భౌతికశాస్త్రం ఉపాధ్యాయుడు మొదటి నుంచి తోడుగా ఉన్నారు. ఇటువంటి పని చేయదలచిన ఉపాధ్యాయులకు పనికొస్తుందన్న ఉద్దేశంతో, ఏ మొక్కను ఎందుకు ఎంచుకున్నాం, పిల్లల చేతికి ఏ పని ఇచ్చాం, దాని నుంచి ఏ ప్రశ్న పుట్టింది అన్నవాటిపైనే ఎక్కువగా దృష్టి పెట్టాను.

వృక్షోద్యానానికి పిల్లలను తీసుకువెళ్ళడం మన బడులకు కొత్త కాదు. రెండు వరసల్లో నిలబెట్టి, ఔషధ వనం, వెదురు వనం, నీటి మొక్కల కొలను వంటివన్నీ ఒక పూటలో చుట్టి రావడం, బోర్డుల మీద ఉన్న పేర్లను నోటు పుస్తకాల్లో రాయించడం, మధ్యాహ్నం చెట్ల కింద టిఫిన్ డబ్బాలు విప్పడం ఈ పర్యటనల వాడుక. పిల్లలకు అది హాయిగానే ఉంటుంది. కానీ తిరిగి వచ్చాక ఆ పుస్తకాలు తెరిస్తే ఏ మొక్క ఏ రోగానికి మందో తప్ప మరేమీ కనిపించదు. మన తోటల్లోని బోర్డులు కూడా చాలావరకు ఆ ఒక్క సంగతినే చెబుతాయి. తిప్పతీగ ఆకు ఏ జ్వరానికి వాడతారో చెప్పే బోర్డు, ఆ తీగ గాలిలోకి దారాల్లాంటి వేళ్ళను ఎందుకు వేలాడదీస్తుందో చెప్పదు. పిల్లలు చూడవలసింది ఆ వేళ్ళను కాబట్టి, మా తరగతుల్లో బోర్డులను పక్కన పెట్టాం.

మేము పెట్టుకున్న నియమం ఒక్కటే. ఒక పూటకు ఒకే మొక్క, ఆ మొక్క మీద చేతితో తేల్చుకోగలిగిన ప్రశ్న ఒకటి. చేతితో ముట్టుకోవడం వేరు, చేతితో తేల్చుకోవడం వేరు. ఆకును నలిపి వాసన చూడటం, బెరడును తడమటం బాగానే ఉంటాయి గానీ, వాటి తర్వాత పిల్లవాడు అవునా కాదా అని నిర్ణయించుకోవలసింది ఏదీ మిగలదు. నిర్ణయించుకోవలసినది ఏదో ఒకటి లేనిదే పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలు ఒక పొద దగ్గర గంటసేపు నిలబడరని నా అనుభవం.

తోట నిబంధనలు కూడా ఈ పద్ధతికే అనుకూలించాయి. కోయడం, పీకడం అక్కడ నిషిద్ధం. రాలినవాటిని ఏరుకోవచ్చు, నర్సరీలో మాలీల అనుమతితో పని చేయవచ్చు. ప్రయోగశాలకు మొక్కను తెచ్చే బదులు మొక్క దగ్గరికే పరికరాన్ని తీసుకువెళ్ళవలసి రావడం మొదట ఇబ్బంది అనిపించినా, అసలు ప్రయోజనం అక్కడే దొరికింది. తెగిన పువ్వు మీద తుమ్మెద వాలదు కదా. పరికరాలుగా చేతి భూతద్దాలు, కాగితంతో మడిచి చేసే ఫోల్డ్‌స్కోప్ సూక్ష్మదర్శినులు, గ్రాముల త్రాసు, నల్లని చార్టు ముక్కలు, దారం, కొలత టేపు తీసుకున్నాం. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో మను ప్రకాశ్ బృందం రూపొందించిన ఫోల్డ్‌స్కోప్ సుమారు 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. జేబులో పట్టే ఆ పరికరంతో చెట్టు కిందే కణాలను చూడవచ్చు. అన్నిటికంటే ఎక్కువ పని చేసిన పరికరం మాత్రం బడిలోని భౌతికశాస్త్ర ప్రయోగశాల నుంచి వచ్చింది.

తంగేడు

తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఈ పిల్లలకు దాన్ని పరిచయం చేయనక్కర లేదు. బతుకమ్మ పేర్చడానికి గునుగుతో పాటు సంచుల కొద్దీ కోసుకొచ్చిన చేతులే అవి. పరిచయం బాగా ఉన్న పువ్వు కాబట్టే దాన్ని మొదట ఎంచుకున్నాం. వర్షాలు తగ్గుముఖం పట్టాక, పొద నిండా పసుపు తిరిగినప్పుడు, ఒక్కొక్క జట్టును ఒక్కొక్క పొద దగ్గర నిలబెట్టి, ఒక పువ్వులో ఎన్ని కేసరాలు (పుప్పొడిని మోసే మగ భాగాలు) ఉన్నాయో, అన్నీ ఒకేలా ఉన్నాయో లేదో చూసి బొమ్మ గీయమన్నాం.

పాఠ్యపుస్తకంలో ఉమ్మెత్త, మందార పువ్వుల బొమ్మలను చూసి అలవాటైన కళ్ళకు తంగేడు కేసరాలు చిక్కుముడిగానే కనిపిస్తాయి. పది ఉంటాయి గానీ పదీ ఒక పోలికలో ఉండవు. పైవైపు మూడు ముడుచుకుపోయి, పుప్పొడి లేకుండా, పేరుకు మాత్రమే ఉంటాయి. నడుమ ఉన్నవి పొట్టివి. అడుగున ఉన్నవి పొడవుగా, కొడవలిలా వంగి ఉంటాయి. భూతద్దంతో పరాగకోశం, అంటే కేసరం చివర పుప్పొడి ఉండే సంచి, కొనను చూసిన పిల్లలు అక్కడ చిన్న రంధ్రాన్ని గుర్తించారు. మందారలో పరాగకోశం పగిలి పొడి బయటికి కనిపిస్తుంది. వేలితో తాకితే పసుపు అంటుతుంది. తంగేడులో గోడ పగలదు, పొడి లోపలే ఉంటుంది, బయటికి దారి ఆ కొనన ఉన్న రంధ్రం ఒక్కటే. పైగా ఈ పువ్వులో మకరందం లేదు. అంటే పురుగు వచ్చేది పుప్పొడి కోసమే, ఆ పుప్పొడి మాత్రం మూతి బిగించిన డబ్బాలో ఉంది. అది బయటికి ఎలా వస్తుందన్నదే ఆ పూట ప్రశ్న.

ఊదితే వస్తుందని ఒకరు, ఎండకు పగులుతుందని ఒకరు, తేనెటీగ కొరుకుతుందని ఒకరు చెప్పారు. ఒక్కొక్కటీ చేసి చూశారు. ఊదితే రాలేదు. వేలితో మెల్లగా తట్టితే ఒకటి రెండు రేణువులు రాలాయో లేదో తేలలేదు. అప్పుడు భౌతికశాస్త్రం ఉపాధ్యాయుడు సంచిలోంచి శృతిదండాన్ని (ట్యూనింగ్ ఫోర్క్) తీశారు. ధ్వని పాఠంలో, రబ్బరు ముక్క మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకున్న అదే దండం. పువ్వు కింద నల్లని చార్టు ముక్క పట్టుకుని, ముందుగా కంపించని దండం కొనను పరాగకోశానికి ఆనించారు. ఏమీ రాలలేదు. తర్వాత రబ్బరు మీద కొట్టి, మోగుతున్న దండాన్ని అదే చోట ఆనించేసరికి పరాగకోశం కొన నుంచి సన్నటి పసుపు పొడి పొగలా ఎగసి చార్టు మీద పడింది. “మేడం, పొడి ఊదుతోంది!” అని ఒక అమ్మాయి అరిచిన అరుపుకు పక్క పొదల దగ్గరి జట్లన్నీ పరుగెత్తుకొచ్చాయి. కాసేపు తరగతి చెదిరిపోయినా, మేము అడ్డు చెప్పలేదు.

ప్రయోగం అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. బడిలో 256, 512 హెర్ట్జ్ దండాలు, అంటే సెకనుకు అన్నిసార్లు కంపించేవి, ఉన్నాయి. ఏ దండంతో పొడి ఎక్కువ రాలుతుందన్న ప్రశ్న పిల్లల నుంచే వచ్చింది. ఒక జట్టు పెద్ద సంఖ్య దండమే గెలుస్తుందంది, ఇంకో జట్టు ఫలితం దానికి తిరగబడింది. వాదన కాస్త వేడెక్కిన తర్వాత, అంతవరకు నోరు విప్పని ఒక పిల్లవాడు, దండాన్ని అందరూ ఒకే బలంతో కొట్టడం లేదు కదా అన్నాడు. పుస్తకంలో ‘చరరాశి’ (ప్రయోగంలో మారే అంశం) అన్న మాటను ఎన్నిసార్లు చదివించినా రాని సంగతి అక్కడ వచ్చింది. ఆ తర్వాత స్కేలు నిలబెట్టి, దండాన్ని ఒకే ఎత్తు నుంచి రబ్బరు మీద పడనివ్వడం, ఆ రోజే విచ్చిన పువ్వులనే తీసుకోవడం, ఒక్కో పువ్వుకు ఒక్కసారి మాత్రమే ఆనించడం అని వాళ్ళే నియమాలు రాసుకున్నారు. అయినా రెండు దండాల మధ్య తేడా స్పష్టంగా తేలలేదు, తేలలేదనే రికార్డులో రాయించాం. తేలని ఫలితాన్ని తేలలేదని రాయడం మన ప్రాక్టికల్ రికార్డుల్లో ఎక్కడా కనిపించని విద్య. ముందే తెలిసిన జవాబుకు తగినట్టు అంకెలను సర్దే అలవాటు పదో తరగతి నాటికే స్థిరపడుతుందన్నది నా అభిప్రాయం.

దండం పని చేసిందంటే, ఆ పని చేసే ప్రాణి ఏదో పొద మీదే ఉండాలి. మరుసటి తరగతిలో పిల్లలు పొదకు రెండడుగుల దూరంలో కూర్చుని వచ్చిపోయేవాటిని పట్టికలో గుర్తించారు. తేనెటీగలు వచ్చాయి, పూరేకుల మీద చెదిరిపడిన పొడిని ఏరుకుని పోయాయి. నల్ల తుమ్మెద వాలినప్పుడు మాత్రం శబ్దం మారింది. ఎగురుతున్నప్పటి బొంగురు మోత ఆగి, పువ్వును కాళ్ళతో పట్టుకున్న క్షణంలో సన్నని, పైస్థాయి ఝుంకారం వినిపించింది. తుమ్మెద రెక్కలను ఆడించకుండానే ఎగిరే కండరాలను కంపింపజేస్తుంది, ఆ కంపనమే పరాగకోశాన్ని ఊపి పొడిని రాలుస్తుంది. తేనెటీగలకు ఈ నేర్పు లేదు. కళ్ళు మూసుకుని శబ్దాన్ని బట్టే వచ్చింది తేనెటీగో తుమ్మెదో చెప్పే పందెం ఒకటి పిల్లలు తమంతట తాము మొదలుపెట్టారు. దాన్ని మేము పరీక్షగా మార్చకుండా ఉండటానికి కొంచెం నిగ్రహం అవసరమైంది.

ఇదే పువ్వులో ఇంకొక విశేషం ఉంది. కీలం, అంటే పువ్వులోని ఆడ భాగపు కాడ, నడిమధ్యన నిలబడదు. కొన్ని పువ్వుల్లో ఎడమకు, కొన్నిటిలో కుడికి వంగుతుంది. రెండు రకాలూ ఒకే పొద మీద, చాలాసార్లు ఒకే రెమ్మ మీద కనిపిస్తాయి. లెక్కపెట్టమంటే రెండు జట్ల లెక్కలు పూర్తిగా తలకిందులయ్యాయి. కారణం తర్వాత బయటపడింది. ఒక జట్టు తమ ఎడమను ఎడమ అంటోంది, మరొక జట్టు పువ్వు మనకు ఎదురుగా నిలబడిన మనిషి అనుకుని, పువ్వు ఎడమను ఎడమ అంటోంది. పువ్వును ఎదురుగా చూసేవారి ఎడమే ఎడమ అని తీర్మానం చేసుకుని మళ్ళీ లెక్కపెట్టారు. తుమ్మెద ఒంటికి ఒకవైపు పొడవు కేసరం పుప్పొడి అంటుకుంటే, అవతలి రకం పువ్వులో కీలాగ్రం (పుప్పొడిని అందుకునే కీలం కొన) సరిగ్గా అదే వైపు తగులుతుంది. ఈ వివరణను బల్ల మీద బొమ్మ గీసి చెప్పలేదు. ఒక పిల్లవాణ్ణి తుమ్మెదగా నిలబెట్టి, అతని పక్కటెముకల దగ్గర సుద్దపొడి రాసి, ఇద్దరు పిల్లలు చేతులను కుడి ఎడమలుగా వంచిన పువ్వులై నిలబడగా చూపించాం. నవ్వులు ఎక్కువైనా విషయం మాత్రం పోలేదు.

వంగ, టమాటా పువ్వులు కూడా ఈ కోవలోవే. వంగ పువ్వు మధ్యలోని పసుపు శంకువును చూస్తే ఒక్కొక్క పరాగకోశం కొనన తంగేడులాగే రంధ్రం ఉంటుంది. ఇళ్ళ దగ్గర కుండీల్లో వంగ మొక్క ఉన్న పిల్లలు సెల్‌ఫోనును వైబ్రేషన్‌లో పెట్టి ఆనించి చూశామని వచ్చి చెప్పారు. తల్లిదండ్రులు ఊళ్ళో టమాటా పండించే ఒక అబ్బాయి, గాలి సరిగా ఆడని పాలీహౌస్‌లలో పువ్వులను యంత్రంతో ఎందుకు ఊపుతారో ఇప్పుడు అర్థమైందన్నాడు. ఆ మాట మాకు ఏ మార్కుల కంటే తక్కువ కాదు.

మేడి

మేడి చెట్టు దగ్గరికి వెళ్ళేసరికి పిల్లల నోట మొదట వచ్చింది సామెతే. పైకి బాగుండి లోపల పురుగులుండే పండు అన్నది వాళ్ళకు చిన్నప్పటి నుంచి తెలుసు. కాబట్టి ప్రశ్నను అక్కడి నుంచే పుట్టించాం. ఆ పురుగులు పండును పాడు చేయడానికి వచ్చాయా, పండే వాటి వల్ల అయిందా? మొదలు మీద, పెద్ద కొమ్మల మీద గుత్తులుగా కాసిన కాయల్లో గాలికి రాలినవాటిని పచ్చివి, దోరవి, పండినవి అని మూడు కుప్పలుగా ఏరించి, బ్లేడు మాత్రం మా చేతిలోనే ఉంచుకుని అడ్డంగా కోశాం.

పచ్చికాయ లోపల గింజలు కాదు, వందల కొద్దీ చిన్న పువ్వులున్నాయని గుర్తించడానికి ఫోల్డ్‌స్కోప్ అక్కర లేదు, భూతద్దం చాలు. మేడికాయ అనేది నిజానికి లోపలికి ముడుచుకున్న పుష్పగుచ్ఛం. కొనన ఉన్న చిన్న రంధ్రం దాని ద్వారం. ఆ రంధ్రాన్ని మూసిన పొలుసుల మధ్య, తెగిపోయిన చిన్న రెక్కలు ఇరుక్కుని ఉండటాన్ని ఒక జట్టు చూసింది. నువ్వుగింజ కంటే చిన్నదైన కందిరీగ జాతి ఆడపురుగు, మరో మేడి నుంచి పుప్పొడి మోసుకుని ఆ ఇరుకులోంచి దూరేటప్పుడు రెక్కలు ఊడిపోతాయి. మళ్ళీ బయటికి రాదు. లోపల కొన్ని పువ్వులకు పుప్పొడి అందిస్తుంది, కొన్నిటిలో గుడ్లు పెడుతుంది, అక్కడే చనిపోతుంది. తర్వాతి తరంలో ముందుగా బయటపడేవి రెక్కలు లేని మగపురుగులు. ఆడపురుగులతో జతకట్టి, కాయ గోడకు బెజ్జం పెట్టి అవి లోపలే ముగిసిపోతాయి. అదే బెజ్జం గుండా ఆడపురుగులు పుప్పొడితో ఎగిరిపోతాయి. దోరకాయల మీద ఆ బెజ్జాలను, పండిన వాటిలో ఖాళీ అయిన పువ్వుల గుల్లలను చూసి, మూడు కుప్పలను వరసలో పేర్చి కథను పిల్లలే కట్టారు. కథలో రెండు మూడు చోట్ల క్రమం తారుమారైంది, అయితే ఆధారం ఏ కాయలో ఉందో చూపించమంటే సర్దుకున్నారు.

సామెతను తప్పుపట్టే పని మేము పెట్టుకోలేదు. ఆ పురుగులు లేకపోతే మేడికి గింజే ఉండదని తెలిసిన తర్వాత కూడా, పండును నోట్లో వేసుకోవడానికి ఒక్కరూ ముందుకు రాలేదు.

కలువ ఆకు, రేల గింజ

పత్రరంధ్రాల, అంటే ఆకుకు గాలి ఆడే సూక్ష్మ రంధ్రాల, ప్రయోగం పాఠ్యపుస్తకంలో ఉన్నదే. ఆకు మీద రంగులేని గోళ్ళ పాలిష్ పలచగా పూసి, ఆరాక పారదర్శక టేపుతో పొరను లేపి, సూక్ష్మదర్శినిలో చూడటం. ఆకు అడుగువైపు రంధ్రాలు ఎక్కువని పిల్లలు బట్టీ పట్టి ఉన్నారు. వేప, మర్రి ఆకుల్లో అది నిజమేనని చూశాక కొలను దగ్గరికి తీసుకువెళ్ళి, నర్సరీ తొట్టిలో పెంచిన కలువ ఆకును ఇచ్చాం. అడుగువైపు పొరలో ఒక్క రంధ్రమూ దొరకలేదు. పాలిష్ సరిగా పూయలేదనుకుని మళ్ళీ చేశారు, ఫోల్డ్‌స్కోప్‌ను తప్పుపట్టారు, చివరికి పైవైపు చూస్తే రంధ్రాలన్నీ అక్కడున్నాయి. నీటి మీద తేలే ఆకుకు గాలి తగిలేది పైవైపే. పుస్తకంలోని వాక్యం తప్పని కాదు, అది ఏ ఆకుల గురించి చెప్పిందో తెలుసుకోవాలని ఈ ఒక్క ఆకు చెప్పింది.

గింజల పని నర్సరీలో సాగింది. రేల చెట్టు కింద రాలిన నల్లని పొడవు కాయలను పగలగొట్టి గింజలు తీశారు. వాటిని నాటితే ఎన్నాళ్ళకు మొలుస్తాయని అడిగితే, నర్సరీలో పనిచేసే ఒక మాలీ అక్క నవ్వి, “గింజ మొండిది మేడం. జెర గీకితెనే నీళ్ళు తాగుతది” అన్నది. ఆమె మాటనే పరీక్షకు పెట్టాం. కొన్ని గింజలను ఏమీ చేయకుండా, కొన్నిటిని మరిగి దించిన నీళ్ళు పోసి, కొన్నిటిని లోపలి లేత రంగు కనిపించేదాకా శాండ్‌పేపర్ మీద రుద్ది, రాత్రంతా నానబెట్టాం. నానబెట్టక ముందు, తర్వాత త్రాసులో తూచారు. ఏమీ చేయని గింజల బరువు దాదాపు కదలలేదు. రుద్దిన గింజలు ఉబ్బి, పెంకు సాగి, చేత్తో పట్టుకుంటేనే తేడా తెలిసేంత బరువెక్కాయి. గింజ పైపెంకులోకి నీరు చొరబడకపోవడమే ఆలస్యానికి కారణమని దీనితో తేలిపోయింది. అడవిలో ఆ పెంకును ఎవరు గీకుతారన్న చర్చలో ఎండ, వాన, పశువుల కడుపు, చెదలు అన్నీ వచ్చాయి.

నర్సరీ కవర్లలో ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నాటిన తర్వాత ఫలితం అంత చక్కగా రాలేదు. ఉడతలు కవర్లను తవ్వి చాలా గింజలను ఎత్తుకుపోయాయి, అదీ ఉబ్బి మెత్తబడినవాటినే ముందుగా. మొలకల లెక్క పాడైపోయిందని ఉపాధ్యాయురాలు బాధపడ్డారు గానీ, ఉడత ఎంపిక కూడా ఒక ఫలితమేనని ఒక అమ్మాయి రికార్డులో రాసింది. రెండోసారి కవర్ల మీద ఇనుప జాలి పరిచారు, ఆ మొలకల్లో కొన్ని బడి ఆవరణకు చేరాయి.

బొమ్మ ముందు, పేరు తర్వాత

ప్రతి తరగతిలో మొక్క పేరును చివర్లో మాత్రమే చెప్పేవాళ్ళం. పిల్లలకు తెలిసిన పేరైతే రాసుకోనిచ్చాం, తెలియకపోతే బొమ్మ పూర్తయ్యేదాకా ఆగమన్నాం. పేరు ముందే తెలిస్తే ఫోనులో వెతికి ఆ బొమ్మనే దించేస్తారు. కళ్ళ ముందున్న ఆకు అంచు రంపపు పళ్ళలా ఉందో లేదో చూడరు. బొమ్మ బాగుండాలని కాదు, కొలతతో ఉండాలని పట్టుబట్టాం. ఆకు పొడవు, కాడ పొడవు, ఈనెల సంఖ్య పక్కన అంకెల్లో రాయాలి.

ఈ సందర్భంలో పిల్లలకు చెప్పిన చరిత్ర ఒక్కటే. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781లో సామర్లకోటకు వచ్చి అక్కడ తోట వేసి, కోస్తా ప్రాంతపు మొక్కలను అధ్యయనం చేశాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్ళాడు. ఆయన కోసం మొక్కల బొమ్మలు వేసింది భారతీయ చిత్రకారులే. ఆయన మొక్కలకు తెలుగు పేర్లను కూడా రాసిపెట్టుకున్నాడు. సామర్లకోట ఎక్కడుందో పటంలో వెతికిన పిల్లలకు, వృక్షశాస్త్రం విదేశం నుంచి పుస్తకంలో వచ్చినది మాత్రమే కాదని విడిగా చెప్పవలసిన అవసరం రాలేదు. చెట్టు చుట్టుకొలతను నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో ఎలా కొలుస్తారో, అటవీశాఖ సిబ్బంది దారంతో చూపించినప్పుడు కూడా పిల్లలు ఆ పద్ధతి వెనుక ఉన్న కారణాన్నే అడిగారు. అందరూ ఒకే ఎత్తులో కొలిస్తేనే కొలతలను పోల్చగలమన్న జవాబు వాళ్ళలో ఒకరి నుంచే వచ్చింది. శృతిదండం గొడవ గుర్తుండబట్టే అది వచ్చిందని నా నమ్మకం.

జాగ్రత్తలు

ఇక్కడ కొంత కఠినంగానే చెప్పాలి. ముట్టుకోమని చెప్పే తరగతిలో ముట్టుకోకూడనివి ఏవో ముందే చూపించడం తప్పనిసరి. గన్నేరు ఏ భాగమైనా విషమే. గురివింద గింజ అందంగా ఉంటుంది, పెంకు పగిలిన గింజ కడుపులోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి దాన్ని తరగతి సంచిలోనే ఉంచకూడదు. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు. దూలగొండి కాయల నూగు తగిలితే దురదతో ఆ పూట తరగతి అయిపోయినట్టే. దారి పక్కన వయ్యారిభామ ఎక్కువగా ఉంటుంది, దానితో కొందరికి చర్మం దద్దుర్లెక్కుతుంది, కొందరికి ఆయాసం వస్తుంది. ఎలర్జీ, ఉబ్బసం ఉన్న పిల్లల వివరాలను తల్లిదండ్రుల నుంచి ముందుగా రాతలో తీసుకున్నాం. రాళ్ళను చేత్తో తిప్పకూడదు, కర్రతో మాత్రమే, అదీ పెద్దవాళ్ళ ఎదుట. తుమ్మెదలను చూసే తరగతికి ముందు చెట్ల మీద పెద్ద తేనెపట్టు ఉందేమో మేమే ఒకసారి చుట్టి చూసేవాళ్ళం. మరుగుదొడ్డి ఎంత దూరమో ముందుగా చెప్పకపోతే ఆడపిల్లలు నీళ్ళు తాగడం మానేస్తారు. ఈ సంగతి ఏ పాఠ ప్రణాళికలోనూ ఉండదు.

ఏమి మారింది

మార్కుల ద్వారా కొలవడం మాకు ఇష్టం లేదు, పోల్చడానికి తగిన మరో తరగతి కూడా లేదు. కాబట్టి పిల్లలు రాసిన ప్రశ్నలనే ఆధారంగా తీసుకున్నాం. ప్రతి తరగతి చివర ఒక్కొక్కరూ ఒక ప్రశ్న రాసి డబ్బాలో వేయాలి, జవాబు ఆ రోజు చెప్పేది లేదు. మొదట్లో వచ్చినవి ఎక్కువగా పేరేమిటి, దేనికి మందు, తినవచ్చా అన్నవి. వాటిని తక్కువ చేయడం లేదు, పల్లె వైద్యం తెలిసిన అమ్మమ్మలున్న ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు అవి సహజమైన ప్రశ్నలే. ఏడాది చివరికి వచ్చిన కాగితాల తీరు వేరు. ‘తుమ్మెద లేని చోట తంగేడుకు కాయ కాస్తుందా, పువ్వుకు గుడ్డ కట్టి చూడవచ్చా?’ అని ఒకరు, ‘కానుగ ఆకుల మీద ఉన్న బొడిపెలు లేత ఆకులకే ఎందుకు మొదలవుతాయి?’ అని ఒకరు రాశారు. మొదటి ప్రశ్నలో ప్రయోగం కూడా ఉంది. దాన్ని చూసి ఉపాధ్యాయురాలు వెంటనే పలచటి మల్లు గుడ్డ సంచులు కుట్టించారు.

మార్పు అందరిలోనూ ఒకేలా రాలేదు. బొమ్మలు గీయడంలో ముందున్న పిల్లలు లెక్కపెట్టే పనిలో విసుగుపడ్డారు. తరగతి గదిలో మాట్లాడని కొందరు పొద దగ్గర జట్టును నడిపించారు, తిరిగి గదిలోకి వచ్చాక మళ్ళీ మౌనంగా ఉండిపోయారు. ఇది గది లోపలి బోధనకు సంబంధించిన సమస్య, తోట దాన్ని పరిష్కరించలేదు. తొమ్మిదో తరగతి పిల్లలకు పరీక్షలు దగ్గరపడే కొద్దీ తల్లిదండ్రుల నుంచి ఒత్తిడి వచ్చింది. జట్ల రికార్డులను ప్రాజెక్టు పనిగా లెక్కలోకి తీసుకుంటామని బడి ఒప్పుకోవడంతో అది తగ్గింది.

ఖర్చులో పెద్ద భాగం బస్సుదే. పరికరాలకు అయింది తక్కువ, శృతిదండాలు, త్రాసు బడివే. కాబట్టి తోటకు దూరంగా ఉన్న బడులు ఇదే పనిని బడి గోడ పక్కన ఉన్న తంగేడు పొదతోనూ, వంగ మడితోనూ మొదలుపెట్టవచ్చు. మేడి, కలువ, నర్సరీ మాత్రం తోటలోనే దొరుకుతాయి, వాటి కోసం రెండు మూడు ప్రయాణాలు సరిపోతాయి. ఒక జట్టులో ఐదుగురికి మించకూడదు, అంతకు మించితే వెనకవాళ్ళకు పువ్వు కనిపించదు. పెద్ద తరగతైతే సగం మందిని నర్సరీ పనిలో ఉంచి మార్చుకోవాలి.

దేశమంతటా చెట్ల చిగురు, పూత, కాయలను వారం వారం నమోదు చేసే సీజన్‌వాచ్ కార్యక్రమంలో మా జట్లు బడి ఆవరణలోని వేప, కానుగ చెట్లను చేర్చుకున్నాయి. అందులో లేదు, కొంచెం, చాలా అన్న మూడు స్థాయిల్లోనే గుర్తించాలి కాబట్టి ఎనిమిదో తరగతి పిల్లలు ఎవరి సాయం లేకుండా నడపగలుగుతున్నారు. మల్లు గుడ్డ సంచులను ఈసారి పూత మొదలు కాగానే, మొగ్గ దశలోనే కట్టాలని, ప్రతి పొద మీదా కట్టని పువ్వులను కూడా అంతే సంఖ్యలో గుర్తుపెట్టాలని తొమ్మిదో తరగతి జట్టు తమ తర్వాతి జట్టుకు రాసిపెట్టి వెళ్ళింది.